బొమ్మ అదే, తలకాయ మారింది

"అన్నా, బాడీ ఏది పెట్టమంటవ్?"

ఫ్లెక్సీ దుకాణంలో పోరగాడు నన్నడిగిన మాట ఇది. మా పెద్దబాపు దశదిన కర్మకు ఫ్లెక్సీ కొట్టిద్దామని పోయాను. నా చేతిలో ఉన్నది పట్టాదారు పాసుపుస్తకం మీది ఫోటో. మెడ దాకానే ఉంది. మెడ కింది మనిషిని దుకాణం వాళ్లే ఇస్తారట. కంప్యూటర్ తెర మీద బాడీలు వరుసగా నిలబడ్డాయి. తెల్ల చొక్కా బాడీ. ఖద్దరు బాడీ. కండువా బాడీ. చేతులు జోడించిన బాడీ. ఒక్కదానికీ తల లేదు.

బతికినన్నాళ్లూ బనీను, ధోతి తప్ప ఎరుగని మనిషి మా పెద్దబాపు. చచ్చిన పదో నాటికి ఇస్త్రీ మడత నలగని చొక్కా తొడిగారు. చేతికి బంగారు రంగు వాచీ. జేబులో పెన్ను. వేలిముద్ర మనిషికి పెన్నెందుకురా? వెనక ఉదయించే సూర్యుడు, పక్కన రెండు తెల్ల పావురాలు, కాళ్ల దగ్గర గులాబీ రేకులు. "మస్తుగొచ్చిందన్నా" అన్నాడు పోరగాడు. మస్తుగానే వచ్చింది. మా పెద్దబాపే రాలేదు.

నాలుగు రోజులు తిరగలేదు. కుకునూరుపల్లి దగ్గర రాజీవ్ రహదారి పక్కన అదే చొక్కా నిలబడి నాకు దండం పెడుతోంది. అదే మడత. అదే వాచీ. జేబులో అదే పెన్ను. అవే పావురాలు, అదే సూర్యుడు. మెడ మీద మాత్రం ఓ నాయకుడు. కింద 'జన్మదిన శుభాకాంక్షలు'. మా ఇంట్లో ఏడుపుకు ఎక్కిన సూర్యుడే అక్కడ కేకుకు ఎక్కాడు. ఇంతకీ ఆ బాడీ ఎవరిది? ఏ పుణ్యాత్ముడు ఏ స్టూడియోలో నిలబడి మెడ దాకా దానం చేసిపోయాడు?

పోరగాడిని తిట్టకండి. వాడిది రెండొందల ఏళ్లు దాటిన వృత్తి. మన దగ్గర పీవీసీ పట్టా మీద నడుస్తోంది, అప్పుడు రాగి రేకు మీద నడిచింది. అంతే తేడా.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో యూరప్‌లో, అమెరికాలో పెద్దమనిషి పోతే అచ్చుబొమ్మ వేసేవారు. రాగి రేకు మీద సన్నని ఉలితో గీతలు చెక్కడం, గీతల్లో సిరా నింపడం, తడిపిన కాగితం మీద ఒత్తి తీయడం. నడుమ కోడిగుడ్డు ఆకారపు చట్రంలో పెద్దమనిషి ముఖం. చుట్టూ గ్రీకు, రోమన్ దేవతల మంద. ఒకామె తలకు ఆకుల దండ తొడుగుతుంది. ఒకామె బాకా ఊదుతుంది. ఒకామె సమాధి మీద వాలి ఏడుస్తుంది. ముసలి కాలపురుషుడు కొడవలి పట్టుకుని నిలబడతాడు. ఆ కాలంలో ఇదే గొప్ప రుచి. పాత రోము మళ్లీ పుట్టిందని వాళ్ల నమ్మకం. రోము పుట్టిందో లేదో గానీ ఫ్లెక్సీ మాత్రం అప్పుడే పుట్టింది.

నమ్మరా? అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1799 డిసెంబర్ 14న పోయాడు. 1802లో బారలే అనే చిత్రకారుడు ఓ అచ్చుబొమ్మ తెచ్చాడు. కాలపురుషుడు, అమరత్వ దేవత కలిసి తెల్ల గుడ్డ చుట్టిన వాషింగ్టన్‌ను సమాధిలోంచి పైకి లేపుతుంటారు. ఆకాశం నుంచి వెలుగు. కింద కన్నీళ్లు. బాగా అమ్ముడుపోయింది. 1865లో అధ్యక్షుడు లింకన్‌ను కాల్చి చంపారు. దేశం ఏడుస్తోంది, గిరాకీ ఆగదు, కొత్త బొమ్మ గీసే టైమెక్కడిది? ఫిలడెల్ఫియాలో ఒకాయన అదే బొమ్మను దించాడు. అదే సమాధి, అదే కాలపురుషుడు, అదే తెల్ల గుడ్డ. తల మాత్రం లింకన్‌ది. అరవై మూడేళ్ల తర్వాత కూడా ఆ దేవతలకు ఎవరిని మోస్తున్నామో తెలియలేదు. అచ్చం మన కార్యకర్తలే.

ఇంకోటి వినండి, దీనికి నవ్వాలో ఏడవాలో మీరే తేల్చుకోండి. బానిసత్వం మంచిదే, దేవుడిచ్చిన వరమే అని అమెరికా సభలో నిలబడి వాదించిన కాల్హూన్ అనే నాయకుడుండేవాడు. 1852లో రిచీ అనే చెక్కడపు పనివాడు ఆయన నిలువెత్తు బొమ్మ తీశాడు. భుజం మీద నిండైన శాలువా, పక్కన బల్ల, బల్ల మీద కాగితాలు. వాటి మీద రాష్ట్రాల సార్వభౌమత్వం గురించి రాతలు. లింకన్ పోయాక ఆ బాడీ మీద లింకన్ తల అతికించారు. బల్ల మీది కాగితాల్లో రాతలు చెరిపి 'స్వేచ్ఛా ప్రకటన' అని చెక్కారు. బానిసల యజమానుల లాయరు ఒంటి మీద బానిసలను విడిపించినవాడి తల! ఆ బొమ్మ ఇళ్లలో గోడలకెక్కింది. ఇన్ని కండువాలు మార్చే మన ఎమ్మెల్యేలకు కూడా ఇంత తేలికగా మెడ తెగి మెడ అతికిందా?

ఇంగ్లండులో దీనికంటే ముందే, పదిహేడో శతాబ్దంలోనే, లంబార్ అనే ఆయన గుర్రం మీది రౌతు బొమ్మ చెక్కాడు. ఆ గుర్రం మీద క్రామ్‌వెల్ ఎక్కాడు, ఫ్రాన్స్ రాజు ఎక్కాడు, క్రామ్‌వెల్ బృందం తల నరికించిన రాజు మొదటి చార్లెస్ కూడా ఎక్కాడు. నడుమ కొంతకాలం తలే లేని రౌతు. ఆ బొమ్మకు తలలేని గుర్రపురౌతు అనే పేరు స్థిరపడిపోయింది. అధికారం ఎవరిదో తేలేదాకా తల జాగా ఖాళీగా ఉంచడం! మన ఊళ్లలో టికెట్ల జాబితా రాకముందు కట్టే ఫ్లెక్సీలు చూశారుగా?

సరే, గుర్తుల సంగతి చూద్దాం. గ్రీకు పంతుళ్లు అవసరం లేదు. కుకునూరుపల్లి బస్టాండులో నిలబడితే అన్నీ దొరుకుతాయి.

బాకా ఊదే కీర్తి దేవత. మన దగ్గర ఆమె డీజే పెట్టె ఎక్కింది, రాత్రి పూట సోషల్ మీడియా డ్యూటీ చేస్తోంది. తన తోక తానే మింగే పాము. వాళ్లకది అనంతకాలానికి గుర్తు. మనకది పార్టీ ఫిరాయింపు. ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి నోరు తెరుస్తుంది. పళ్లూ ధాన్యమూ ఒలికిపోయే మేకకొమ్ము. ఎంత తీసినా తరగదట. దళితులకు మూడెకరాలు ఆ కొమ్ములోవే. ఏటా రెండు కోట్ల ఉద్యోగాలూ అందులోవే. వంద రోజుల్లో ఆరు గ్యారంటీలూ అందులోంచే జారాయి. ఆడవాళ్లకు నెలకు 2,500 ఎక్కడని అడిగితే 'కొమ్ము వంచుతున్నం, జర ఆగమ్మా' అంటారు. ఒక పార్టీని అని ఇంకో పార్టీని వదిలితే పాపం తగులుతుంది కాబట్టి ముగ్గురి కొమ్మూ చూపించాను.

విరిగిన స్తంభం ఇంకోటి. అర్ధాంతరంగా తెగిన ఆయుష్షుకు గుర్తుగా సమాధి బొమ్మల్లో చెక్కేవారు. మనం గుర్తులతో సరిపెట్టుకునే జాతి కాదు. 2019 జూన్‌లో ప్రారంభించిన కాళేశ్వరంలో 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ దగ్గర నిజం స్తంభాలే కుంగి చూపించాయి. ఆ ప్రాజెక్టు ఫ్లెక్సీల్లో నాయకుడి వెనక జలపాతం దూకేది. యూరప్ బొమ్మల్లో కూడా నదీదేవుడు కడవ మీద మోచెయ్యి ఆనించి నీళ్లు వంపుతుంటాడు. ఆయన పని వంపడం వరకే. పిల్లర్ల బాధ్యత ఆయనకు లేదు. మనవాళ్లూ అదే అన్నారు.

ఇక బెత్తాల కట్ట. కర్రలు కొన్ని కలిపి తోలుతాడుతో బిగించి, నడుమ గొడ్డలి దూర్చి, రోములో అధికారి ముందు మోసుకుపోయేవారు. ఐకమత్యానికి గుర్తని పాఠాల్లో చెబుతారు. కాదండీ, అది లాఠీల కట్ట. మాట వినకపోతే కర్ర, అప్పటికీ వినకపోతే గొడ్డలి. ఫ్రాన్స్ శిల్పి హూడాన్ చెక్కిన వాషింగ్టన్ విగ్రహంలో పదమూడు కర్రల కట్ట ఉంటుంది, పదమూడు రాష్ట్రాలకు గుర్తుగా. వెనక ఒక నాగలి కూడా ఉంటుంది. ఆ నాగలి కథ వినదగ్గది. రోములో సిన్సినాటస్ అనే రైతును పొలంలోంచి పిలిచి సర్వాధికారం ఇచ్చారట. శత్రువును ఓడించి, పదహారో రోజున అధికారం అప్పగించి, మళ్లీ నాగలి పట్టాడట. వాషింగ్టన్ కూడా అట్లా పదవి వదిలి పొలానికి పోయాడని ఆ నాగలి. మన సిద్దిపేట జిల్లాకు ఈ కథ కొత్తా? మన నాయకులూ పొలానికి పోతారు. ఓడినాక పోతారు.

పొలం మాట వచ్చింది గనుక ఫాంహౌస్ సంగతి కూడా చెబుతాను. మా జిల్లాలో రెండు ఎర్రవల్లులు. ఒకటి మర్కూక్ వైపు. అందరికీ తెలిసిన ఫాంహౌస్ అక్కడిదే. అప్పటి ముఖ్యమంత్రి దత్తత ఊరు, వరసగా డబుల్ బెడ్‌రూం ఇళ్లు, చూడ్డానికి బస్సుల్లో జనం. రెండోది మాకు దగ్గరిది. కుకునూరుపల్లి 2022లో మండలం కాకముందు మేమున్న పాత కొండపాక మండలంలోది. దాన్ని చూడ్డానికి ఎవరూ బస్సెక్కరు. అది మల్లన్నసాగర్ జలాశయం నీళ్ల కింద ఉంది.

ఇక్కడ ఓ బొమ్మ చూపించాలి. నాకు అన్నింటికంటే మంట పుట్టించే బొమ్మ.

1778లో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసు పైకప్పుకు స్పిరిడియోనె రోమా అనే చిత్రకారుడు ఓ పెద్ద బొమ్మ వేశాడు. ఏ గదికనుకున్నారు? రెవెన్యూ కమిటీ గదికి. ఎత్తయిన రాయి మీద బ్రిటానియా అనే దేవత కూర్చుని ఉంటుంది. తెల్లగా, మెత్తగా, కాలి దగ్గర సింహంతో. కింద నల్లటి ఆడమనిషి ముత్యాలూ రత్నాలూ అందిస్తుంది. ఆమె ఇండియా అట. పక్కన చైనా పింగాణీ జాడీతో మోకరిల్లుతుంది. వర్తకుల దేవుడు మెర్క్యురీ వేలు చూపించి 'అటు పొండి, అటు' అని దారి చెబుతుంటాడు. బొమ్మ పేరు, 'తూర్పు తన సంపదలను బ్రిటానియాకు సమర్పించుట'.

సమర్పించుట! ఎవరు సమర్పించారు? ఆ బొమ్మ వేసేనాటికే ఉత్తర సర్కారుల రైతు కంపెనీకి శిస్తు కడుతున్నాడు. రైతు ముత్యాల పళ్లెం పట్టుకుని లండన్ పోయాడా? లాక్కున్నవాడు గీయించిన బొమ్మలో లాక్కోబడ్డవాడు ఎప్పుడూ ఇస్తూనే కనిపిస్తాడు. నవ్వుతూ కూడా.

కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌ది ఇంకో వేషం. 1792లో టిప్పు సుల్తాన్ ఓడితే, ఒప్పందం నిలబెడతాడని హామీగా ఆయన కొడుకులు ఇద్దరిని తాకట్టు పెట్టించుకున్నారు. పసివాళ్లు. మద్రాసులో థామస్ బ్యాంక్స్ చెక్కిన కారన్‌వాలిస్ విగ్రహం పీఠం మీద ఆ ఘట్టమే ఉంది. ఆ కాలపు అచ్చుబొమ్మలు చూడండి. పిల్లల చెయ్యి పట్టుకున్న పెద్దమనిషి, పండక్కి వచ్చిన మేనమామలా ఉంటాడు. బందీలను పట్టుకెళ్లడాన్ని బొమ్మలో ఎత్తుకుని ముద్దాడటంగా మార్చేశారు.

ఆ యుద్ధంలో మన నిజాం కంపెనీ పక్కన నిలబడి వాటా కింద కడప వైపు సీమ పుచ్చుకున్నాడు. ఎనిమిదేళ్లకు, 1800లో, కంపెనీ సైన్యం ఖర్చుల కింద దాన్నే తిరిగి కంపెనీ చేతిలో పెట్టాడు. ఆ సీమకు పడ్డ పేరేమిటి? దత్త మండలాలు. ఇచ్చినవి! ఇచ్చిందెవరు, ఎవరి సొమ్ము? అక్కడి రైతును ఎవరైనా అడిగారా? ఆ పేరు వదిలించుకుని రాయలసీమ అనిపించుకోవడానికి 1928లో నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది. నూటపాతికేళ్లకు పైగా ఆ జనం తమ ఊరి పేరు చెప్పినప్పుడల్లా 'మేము ఇవ్వబడ్డవాళ్లం' అని చెప్పుకున్నారు.

ఇప్పుడు మల్లన్నసాగర్‌కు రండి. 2015లో 123 నంబరు జీవో వచ్చింది. 2013 భూసేకరణ చట్టం జోలికి పోకుండా, రైతులు 'ఇష్టపూర్వకంగా' అమ్ముకుంటే ప్రభుత్వం కొంటుందని దాని సారం. ఇష్టపూర్వకంగా. అంటే సమర్పించుట. 2016 జూలై 24న ఇష్టం లేదని చెప్పడానికి ముంపు రైతులు ఈ రాజీవ్ రహదారి ఎక్కబోయారు. బెత్తాల కట్ట విప్పారు. ఆడవాళ్ల వీపులు కూడా తప్పించుకోలేదు. పది రోజులకు, ఆగస్టు 3న, హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ తీర్పు మీద అప్పీలు నడిచింది, పని మాత్రం ఆగలేదు. 2022 ఫిబ్రవరి 23న యాభై టీఎంసీల జలాశయం ప్రారంభమైంది. వేదిక మీద పూలు. వేదిక వెనక నిలువెత్తు ముఖాలు. ఆ తర్వాత అందరి నోటా ఒకటే మాట, 'నిర్వాసితుల త్యాగం వెలకట్టలేనిది'.

వెల కట్టలేనిదని వాళ్లకు తెలుసు. అందుకేగా కట్టనిది!

త్యాగమట. త్యాగం చేసేవాడిని ముందు అడుగుతారా, వాడికి లాఠీ ఇస్తారా? దత్త మండలాలకూ ఈ త్యాగానికీ తేడా ఎక్కడుందో నాకు కనిపించలేదు. కనిపించినవాళ్లు చెప్పండి. అధికారం మారాక వచ్చినవాళ్లు అప్పుడు ప్రతిపక్షంలో ఉండి ఆ ఊళ్లలో టెంట్ల కింద కూర్చున్నవాళ్లే. జై కొట్టించుకున్నవాళ్లే. ఇప్పుడు అదే రహదారి మీద వాళ్ల ముఖాలు వేలాడుతున్నాయి. బాడీ అదే.

తెలంగాణ తల్లిని కూడా దుకాణానికి తీసుకుపోయారు. ఉద్యమకాలం విగ్రహానికి కిరీటం, నగలు, చేతిలో బతుకమ్మ. కిరీటం పెట్టుకుని నాట్లేసిన తల్లి ఏ ఊళ్లో ఉందో ఆనాడు ఎవరూ అడగలేదు. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కొత్త విగ్రహం లేచింది. కిరీటం దించారు. మంచిదే, మెడ నొప్పి తగ్గింది. పచ్చచీర కట్టారు. ఒక చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు. సంతోషం. బతుకమ్మ మాయం. రెండో చెయ్యి అరచెయ్యి చూపిస్తూ లేచింది. అభయహస్తమట. ఆ అరచెయ్యిని ఓటింగు యంత్రం మీద చూసినట్టు ఎవరికైనా అనిపిస్తే మీ కళ్లదే దోషం. ఆ ఏడాదే రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణాన్ని, చార్మినార్‌ను తీసేద్దామని కూడా బయల్దేరి, గొడవయ్యాక ఆగారు. వచ్చినవాడల్లా రాగి రేకు గీకుతాడు. గీకిన చోట తన గుర్తు చెక్కుతాడు. తల్లికి ఓటు లేదు గనుక సరిపోయింది.

నాకు ఈ దేశంలో ఒకే ఒక్క పెద్దమనిషి సమాధి నచ్చింది. హైదరాబాద్ మూసారాంబాగ్ గుట్ట మీద ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్. 1798 మార్చి 25న పోయాడు. గ్రీకు గుడిలాంటి మంటపం, రాతి స్తంభం. ఆ స్తంభం మీద పేరు 'జేఆర్'. రెండంటే రెండే అక్షరాలు. దేవతలు లేరు, బాకా లేదు, కింద వరసలో 'శుభాకాంక్షలతో' అంటూ ఇరవై నాలుగు పాస్‌పోర్ట్ ఫోటోలు లేవు. ఆయన్ని హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఫ్లెక్సీ లేకుండా ఓ పేట ఆయన పేరు మోస్తోంది. కిరాయి సైన్యం నడిపిన విదేశీయుడికి ఉన్న సిగ్గు మన వార్డు మెంబరు ఫ్లెక్సీకి ఎందుకు లేదు?

ఆ ఇరవై నాలుగు ఫోటోల అమరిక మాత్రం ఏ గ్రీకు శిల్పికీ రాదు. పైన గుండ్రటి చట్రాల్లో ఢిల్లీ. దాని కింద హైదరాబాద్. నడుమ పుట్టినరోజు బాలుడు. కింద జిల్లా, దాని కింద మండలం, అంచున గ్రామం. దిగేకొద్దీ తల చిన్నదవుతుంది. అట్టడుగున బూత్ కార్యకర్త తల కందిగింజంత. డబ్బులిచ్చింది మాత్రం ఆ కందిగింజే. ఒక తల తప్పిపోతే లొల్లి, ఒక తల పెద్దదైతే ఇంకా పెద్ద లొల్లి. ఊరి మురికికాలువకు మూత లేదని అడగబోతే, సర్పంచు బదులున్న ప్రత్యేకాధికారి కనిపించేవాడు కాదు. 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలకు సర్పంచులే లేక, మళ్లీ ఎన్నికలొచ్చింది 2025 డిసెంబర్‌లో. దాదాపు రెండేళ్లపాటు ఊరికి దిక్కులేదు, ఫ్లెక్సీకి మాత్రం ఒక్కరోజు సెలవు లేదు.

ఇంకో విడ్డూరం. 2022 జూలై 1 నుంచి వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషిద్ధం. ఆ నిషేధం మీద అవగాహన కల్పించే ఫ్లెక్సీ కూడా చూశాను. హరితహారం చెట్టుకు మేకులు కొట్టి కట్టారు.

నిన్న మళ్లీ ఆ దుకాణానికే పోయాను. గుడ్డ మీద ఓ బ్యానర్ కావాలన్నాను.

"ఫోటో పంపన్నా."

లేదన్నాను.

"గట్లెట్లన్నా! ఎవరిదో ఒకరి తలకాయ ఉండాలె గదా!"

వద్దన్నాను. సూర్యుణ్ని పెట్టనా అన్నాడు, వద్దన్నాను. పావురాలు? వద్దన్నాను. మరేం రాయాలని అడిగితే పేర్లు చెప్పాను, వాడు కొట్టుకుంటూ పోయాడు. ఏటిగడ్డ కిష్టాపూర్. వేములఘాట్. పల్లెపహాడ్. రాంపూర్. లక్ష్మాపూర్. బంజేరుపల్లి. సింగారం. ఎర్రవల్లి.

ఎర్రవల్లి కొట్టేటప్పుడు వాడు ఆగి, "ఫాంహౌస్‌దా అన్నా?" అన్నాడు.

తెల్ల గుడ్డ, నల్ల అక్షరాలు, ఎనిమిది పేర్లు. బ్యానర్ మా ఇంట్లో మడత పెట్టి ఉంది. రాజీవ్ రహదారి మీద ఎక్కడైనా ఒక్క స్తంభం ఖాళీగా కనిపిస్తే జర కబురు పెట్టండి, వచ్చి కట్టిపోతాను.